ఏడో మలుపు రాళ్లు

జూన్ 16, సోమవారం

ఇది డ్యూటీ పుస్తకం. ముందు పేజీల్లో మామీర్ యార్డులో పనిచేసిన రోజులు, ఓవర్‌టైం గంటలు ఉన్నాయి. దీన్ని తిరగేసి వెనక నుంచి రాస్తున్నాను. క్యాంపులో ఎవరైనా తెరిచినా ముందున్న గంటలు చూసి మూసేస్తారు. నేను రాయబోయేది వేరే మనిషి చదివేది కాదు.

నిన్నటి నుంచి సఖీర్‌లో డ్యూటీ. బహ్రెయిన్ ఎడారిలో తొమ్మిది కిలోమీటర్ల నడకదారి వేస్తున్నారు. చలికాలంలో జనం సరదాగా నడుస్తారట. సరదాగా నడవడానికి దారి కావాలి, ఆ దారి మేం ఎండాకాలంలో వెయ్యాలి. పొద్దున నాలుగున్నరకు మొదలు, పదకొండుకు ఖలాస్. చలికాలం డేరాలు వేసుకున్నవాళ్లు వదిలేసిన మేకులు, తాళ్లు, బొగ్గులు, ప్లాస్టిక్ ఏరాలి. బండ్లు తొక్కిన నేలను పళ్లకర్రతో సాపు చెయ్యాలి. దారి పొడుగునా గుర్తు రాళ్లు పెట్టాలి. పని కష్టమేం కాదు. యార్డులో ఇనుము మోసినవాడికి ఇదొక లెక్కా?

లెక్క కాదనే రాశాను కానీ, పొద్దున పికప్ దిగి చుట్టూ చూసి, తలుపు పట్టుకునే నిలబడ్డాను. ఎటు చూసినా ఒకటే. గోడ లేదు, చెట్టు లేదు. దూరంగా రేసు కార్ల మైదానం టవరు ఒక్కటి కనిపిస్తోంది. దాన్ని చూసి దిక్కు గుర్తు పెట్టుకున్నాను.

జూన్ 18, బుధవారం

ఒంటికి పోదామని దిబ్బ వెనక్కి వెళ్లాను. లేచి చూస్తే దుమ్ము. టవరు లేదు. మా పికప్ లేదు. దిబ్బకు ఇటునుంచి వచ్చానా, అటునుంచి వచ్చానా తెలియలేదు. మా అవ్వ చెప్పేది, అడవిలో ఒక తీగ ఉంటుంది, దాన్ని తొక్కినవాడికి వచ్చిన దారి మరుపొస్తుందని. ఇక్కడ తీగ కాదు కదా, గడ్డిపోచ కూడా లేదు. మరి నేనేం తొక్కాను?

పావుగంట తిరిగాను. అరవడానికి సిగ్గేసింది. చివరికి అరిచాను. మాలో పెద్దవాడు వెంకటన్న వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. పికప్ వంద అడుగుల దూరంలోనే ఉంది.

మా ఫోర్‌మన్ భీమేశ్వరరావు గారు ఒకటే నవ్వు. ఆయనది అమలాపురం దగ్గర. "ఏవయ్యా గంగాప్రసాదూ, ఇక్కడ తప్పిపోడానికేవుందయ్యా? మా కొబ్బరి తోటల్లో అంటే మనిషి కనపడ్డు గానీ, ఇక్కడ చీవ నడిచినా కనపడద్ది కదా!" అన్నారు.

నేనూ నవ్వాను.

జూన్ 19

నేను పిరికివాణ్ణి కాను. కొత్త చోటు, అంతే.

జూన్ 25, బుధవారం

వెంకటన్న గురించి రాయాలి. కోరుట్ల దిక్కు మనిషి, యాభై రెండేళ్లు. పద్దెనిమిదేళ్లుగా దుబాయి దుబాయి అంటూ ఇక్కడే బహ్రెయిన్‌లో ఉన్నాడు. అసలు దుబాయి ఎప్పుడూ చూడలేదు. నా పైమంచం ఆయనది. రాత్రి దగ్గితే మంచం మొత్తం ఊగుతుంది. నన్ను తమ్మీ అంటాడు.

రాళ్లు పెట్టడం నాకు ఆయనే నేర్పాడు. తిన్నని దారికి ఒక్క తెల్లరాయి. మలుపుకు మూడు తెల్లరాళ్లు, పెద్దది, నడిమిది, చిన్నది, వరసగా. చిన్న రాయి ఎటు ఉంటే అటు తిరగాలి. మొత్తం పన్నెండు మలుపులు. ఆరో మలుపు నుంచి ఎనిమిదో మలుపు దాకా నేలంతా బండ, కాలి జాడ పడదు. అక్కడ రాళ్లే దారి.

"పైన వెట్టుడు గాదు తమ్మీ. కింద మన్ను దియ్యాలె. మూడేళ్ల లోతు. రాయి గూసోవాలె. పెట్టినంక ఊపి సూడు. ఊగిందా, అది రాయి గాదు, బంతి. గట్టిగ పెట్టు" అంటాడు. ప్రతి రాయికీ ఇదే పాట. వినీ వినీ నిద్రలో కూడా మూడు వేళ్ల లోతు తవ్వుతున్నాను.

ఇంజనీరు ఇక్కడి మనిషి. మంచివాడే కానీ ఒక్క విషయంలో చండశాసనుడు. లారీలో వచ్చిన క్వారీ రాళ్లే వాడాలి, ఎడారిలో ఉన్న రాయి ఒక్కటి కూడా కదపొద్దు. చాలా దిబ్బల కింద వేల ఏళ్లనాటి సమాధులు ఉన్నాయట. ఏ దిబ్బ కింద ఉన్నాయో, ఏ దిబ్బ కింద లేవో మనకు తెలియదు కదా అన్నాడు.

ఆ ముక్క ఆయన చెప్పకుండా ఉంటే బాగుండేది. ఇప్పుడు ఏ దిబ్బ చూసినా లోపల ఎవరో పడుకుని నా అడుగులు వింటున్నట్టే ఉంటుంది.

జూలై 1, మంగళవారం

రౌండు వంతులు రాశారు. పూర్తయిన దారంతా ఒక మనిషి ఒంటరిగా సంచీ, మూడు లీటర్ల నీళ్లు పట్టుకుని నడిచి రావాలి. చెత్త ఏరాలి, పడిపోయిన రాళ్లు సరిచెయ్యాలి. వారానికి మూడు రోజులు, వారానికి ఒకరి వంతు. వచ్చే వారం నాది.

ఒంటరిగా.

జూలై 4, శుక్రవారం

స్వర్ణ ఫోన్ చేసింది. నేనేమీ చెప్పలేదు. అయినా నా గొంతు విని పట్టేసింది. పదమూడేళ్ల కాపురం.

"ఏమైంది నీకు? సరిగ్గ మాట్లాడుతలేవ్."

"ఏంగాలే. ఎండ."

"ఎండగ్గాదు. బుగులువడ్డవ్." భయమేనని తేల్చేసి అడిగింది. "గా పని మొదలువెట్టేటప్పుడు పొలిమేరకాడ మైసమ్మకు జెప్పుకున్నరా?"

"ఎడారిల మైసమ్మ ఎక్కడిదే?"

"పొలిమేర ఉన్నకాడల్లా ఉంటది. పైంగ ఆషాఢం. అడగకుండ ఆమె జాగల వడి తవ్వుతాన్రు గదా, మరి బుగులు గాక ఏమైతది? మొన్న పంపిన పసుపు కుంకుమ ఉన్నయ్ గదా. రెండు రాళ్లు వెట్టి మొక్కు."

నవ్వి పెట్టేశాను. తర్వాత పెట్టె తెరిచి పొట్లం ఉందో లేదో చూసుకున్నాను. ఉంది.

జూలై 7, సోమవారం

రౌండు చేసి వచ్చాను. ఏమీ కాలేదు. దారి తప్పలేదు.

మైసమ్మను పెట్టాను.

అక్కడి రాయి తీద్దామని వంగాను, చెయ్యి రాలేదు. ఇంజనీరు వద్దన్నాడని మాత్రమే కాదు. అది ఎవరి సమాధి మీద రాయో? పీనుగ మీది రాయిని తెచ్చి అమ్మవారని మొక్కితే ఊరుకుంటుందా? మంచి రాయి కావాలి, మైల లేని రాయి కావాలి. మైల లేనివి మా లారీ రాళ్లే. ఏడో మలుపు దగ్గర మూడు ఉన్నాయి. తెల్లగా, శుభ్రంగా, నా చేత్తో పెయింట్ వేసినవి.

తీశాను. పది నిమిషాల నడక దూరంలో పల్లానికి పోయే చోట ఒక ముళ్లపొద ఉంది. దారి అటు పోదు, పక్కకు తిరుగుతుంది. అక్కడ పెట్టాను. పెద్దది, నడిమిది, చిన్నది. కింద మన్ను తీసి మూడు వేళ్ల లోతు కూర్చోబెట్టాను. పసుపు రాశాను, కుంకుమ పెట్టాను. సీసాలో నీళ్లు కొంచెం ఆమె ముందు నేల మీద సాక పోశాను. "తల్లీ, మా ఆరుగుర్నీ ఇంటికి చేర్చు" అన్నాను. గుండె దిటవైంది. వెనక్కి వస్తుంటే ఈల కూడా వేశాను.

మనామాలో గుడి ఉంది, దేవుణ్ణి మొక్కితే ఇక్కడ ఎవరూ వద్దనరు. కానీ సర్కారు నేలలో, సర్కారు రాళ్లతో నా ఇష్టం వచ్చినట్టు పెట్టడం వేరే సంగతి. పోలీసు అంటారు, ఇంటికి పంపేస్తారు. ఎవరికీ చెప్పను. రేపు లారీ వస్తుంది. మూడు కొత్త రాళ్లకు పెయింట్ వేసి ఎల్లుండి రౌండులో ఏడో మలుపులో పెట్టేస్తాను. రెండు రోజుల సంగతి.

జూలై 8, మంగళవారం

లారీ రాలేదు. టైరు పగిలిందట. రేపు వస్తుందట.

దుమ్ము మొదలైంది. రేపు ఇంకా ఎక్కువట.

జూలై 9, బుధవారం

పొద్దున 6

పికప్ దగ్గరే ఉన్నాను. రౌండుకు వెంకటన్న పోయాడు. నా కాలు బెణికింది. నిజంగానే కొంచెం నొప్పిగా ఉంది. దుమ్ములో యాభై అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. కుంటుతుంటే ఆయనే అన్నాడు, "కూసో తమ్మీ, నేను వోత తియ్, కండ్లు మూసుకొని తిరిగొస్త."

ఏడో మలుపు సంగతి చెప్పాలనుకున్నాను. కానీ కళ్లు మూసుకుని తిరుగుతానన్న మనిషికి రాళ్లెందుకు?

9

రావాల్సిన టైము దాటింది. మెల్లగా నడుస్తున్నట్టున్నాడు.

9.30

ఫోన్ చేస్తే మోగుతోంది, కానీ మోగేది ఇక్కడే, పికప్ సీటు కింద. మరిచిపోయి పోయాడు. భీమేశ్వరరావు గారు, డ్రైవర్ ముఖేష్ కలిసి బండి వేసుకుని వెతకడానికి వెళ్లారు. మిగతా ఇద్దరు ఒకటో మలుపు దిక్కు నడిచారు. ఆయన వస్తే నీళ్లియ్యడానికి నన్ను నీడకు వేసుకున్న పందిరి కింద ఉండమన్నారు.

10.15

భీమేశ్వరరావు గారు ఫోన్ చేశారు. "ఏడో మలుపులో రాళ్లు లేవయ్యా! ఏ సన్నాసి బండి తొక్కించుకుపోయేడో! వెంకటి మలుపు తెలీక తిన్నగా ఎల్లిపోయుంటాడు. మేం సముద్రం వేపు పోతన్నాం."

తిన్నగా పోయి ఉంటాడు. అంతే. తిన్నగా.

10.40

తిన్నగా పోతే పది నిమిషాల్లో ముళ్లపొద వస్తుంది. దాని పక్కన మూడు తెల్లరాళ్లు, ఈ దుమ్ములో బండిలోంచి కనపడవు. నేను దేవుణ్ణి పెట్టినట్టు పెట్టలేదు. చేతికి అలవాటైన వరసలో పెట్టాను. చిన్న రాయి పల్లం వైపు ఉంది.

మూడు రాళ్లుంటే మలుపు. చిన్న రాయి ఎటుంటే అటు తిరగాలి. ఆయనే నేర్పాడు.

కానీ పసుపు ఉంది కదా. పసుపు చూస్తే తెలుస్తుంది కదా. దుమ్ము పడితే కనిపించదా? కనిపిస్తుంది. పసుపు కనిపిస్తుంది.

11

నలభై ఆరు డిగ్రీలని ఫోన్లో చూపిస్తోంది. మళ్లీ ఫోన్ వచ్చింది. సముద్రం వైపు లేడు. ఇంజనీరు ఇంకో బండితో వచ్చాడు. పోలీసులకు చెప్పారట.

పోలీసులు.

11.25

వాళ్లే చూస్తారు. బండ్లున్నాయి. పోలీసులకు తెలుసు ఎలా వెతకాలో. పల్లం వైపు కూడా చూస్తారు. అన్ని వైపులా చూస్తారు కదా.

నేను చెబితే ఏమంటారు? రాళ్లు తీసినవాడివి నువ్వా అంటారు. దొంగ కాలునొప్పి అంటారు. స్వర్ణకు ఏం చెప్పాలి? నువ్వు పెట్టమన్నావు కదా అని చెప్పాలా?

11.40

వాళ్లే చూస్తారు.

12

చెప్పాను. అంతా చెప్పలేదు. "సార్, మొన్న రౌండుల గా పల్లం దిక్కు ఏదో తెల్లగ కనవడ్డది. మన రాళ్లే అనుకొని అటు వోయిండేమో" అన్నాను. భీమేశ్వరరావు గారు "ముందే చెప్పొచ్చు కదయ్యా!" అని అరిచి ఫోన్ పెట్టేశారు.

12.45

దొరికాడు. బతికే ఉన్నాడు. పల్లంలో అర కిలోమీటరు లోపల, ఆయిల్ పైపు కింద నీడలో పడి ఉన్నాడట. స్పృహ లేదు. అంబులెన్స్ తీసుకెళ్లింది.

తల్లీ.

జూలై 10, గురువారం

అందరూ నన్నే మెచ్చుకుంటున్నారు. క్యాంపులో మెస్సు అతను నా ప్లేటులో ఇంకో గుడ్డు వేశాడు. "నువ్వు ఆ దిక్కు చెప్పకపోతే మనిషి దక్కేవాడు కాదు భాయ్" అన్నాడు ముఖేష్. గుడ్డు తిన్నాను.

తట్టగానే చెప్పాను. గుర్తు రావాలి కదా, గుర్తు వచ్చిన వెంటనే చెప్పాను.

వెంకటన్న ఐసీయూలో ఉన్నాడు. కళ్లు తెరిచాడట. కిడ్నీలు దెబ్బతిన్నాయంటున్నారు. పైమంచం ఖాళీగా ఉంది. దగ్గు లేదు, మంచం ఊగడం లేదు, నిద్ర లేదు.

జూలై 12, శనివారం

ఇంజనీరు మూడు రాళ్లనూ చూశాడు. అందర్నీ పల్లం దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టాడు. దుమ్ము దిగిపోయింది. పసుపు ఎండకు వెలిసింది కానీ కుంకుమ అలాగే ఉంది.

"పూజ చేసుకుంటే నేనేమీ అనను. కానీ ఇవి ఏడో మలుపు రాళ్లు. ఒక మనిషి చావబోయాడు. పెట్టింది ఎవరు?" అని హిందీలో అడిగాడు.

నేను పొద మొదట్లో ఉన్న ప్లాస్టిక్ మూత వైపు చూస్తూ నిలబడ్డాను. అది నా సీసా మూతే. సాక పోసినప్పుడు పడిపోయింది. కాలితో ఇసుక కప్పాను.

ఏడో మలుపులో కొత్త రాళ్లు ఇంకా పెట్టలేదు. కర్ర పాతి గుడ్డ కట్టారు.

జూలై 13

వెంటనే చెప్పాను. వెంటనే చెప్పాను.

జూలై 15, మంగళవారం

భీమేశ్వరరావు గారు సాయంత్రం ఆసుపత్రి నుంచి క్యాంపుకు వచ్చి మంచం మీద కూలబడ్డారు.

"ఎంత పనయ్యిందయ్యా! ఆ రాళ్లు పెట్టింది వెంకటేనంట. తనే చెప్పేడు. 'నేనే వెట్టిన సార్, మొక్కుకుందామని వెట్టిన' అన్నాడు. తను తీసిన రాళ్ల వల్ల తనే తప్పిపోయేడు. ఇంకేం చేస్తాం? రిపోర్టు అలాగే రాయిస్తన్నారు. సొంత తప్పు. గురువారం సంతకాలు. ఆ ముక్క పడిందంటే కంపెనీ ఆసుపత్రి చూసుకుంటది గానీ, తర్వాత మనిషిని పట్టించుకోదు. ఇంటికి పంపేత్తారు."

వెంకటన్న ఎందుకు అలా చెప్పాడు?

నిజం రాయాలి. భీమేశ్వరరావు గారు ఆ మాట చెప్పగానే నా గుండె తేలికైంది. బరువు దించుకున్నవాడి భుజంలా హాయిగా అయింది. ఆ తర్వాతే సిగ్గేసింది. ముందు హాయి, తర్వాత సిగ్గు.

జూలై 16, బుధవారం

ఆసుపత్రికి పోయి వచ్చాను. బస్సు మారినప్పుడల్లా వెనక్కి పోదామనిపించింది.

వెంకటన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖం నల్లబడి, పెదాలు పొట్టు లేచి, సగం మనిషయ్యాడు. నన్ను చూసి నవ్వాడు.

"అచ్చినవా? కాలు ఎట్లుంది?"

కాలు గురించి అడిగాడు. అది బెణకలేదని చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను. పక్క మంచం అతను నిద్రపోయేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాను.

"అన్నా, గా రాళ్లు నువ్వు వెట్టిన అన్నవట."

"ఆ."

"అవి నువ్వు వెట్టలే."

"నువ్వు వెట్టినవ్" అన్నాడు మామూలుగా. "నాకెర్కనే. పొలిమేర మైసమ్మకు మూడేళ్ల లోతు దవ్వి రాయి గూసోవెట్టేటోడు ఈడ ఇంకెవడున్నడు? నేను నేర్పినోడివే గదా. దగ్గరికి వోయి సూసిన. పసుపు వాసన అచ్చింది. మలుపు ఇటు జరిపిండ్రు గావచ్చు, మనోడు పసుపు గూడ వెట్టిండు అనుకున్న. దండం వెట్టి అటు దిరిగిన. గంతే."

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"ఊకో. నేనెట్లయినా పోతా. డాక్టరు ఎండల వన్జెయ్యద్దన్నడు. ఈ పెయ్యితోని ఇగ దుబాయి ఎక్కడిది? నీకేమో ఇంకా ఏండ్లున్నయ్. నా పేరు మీద రాసుకుంటే నాకు వొయ్యేదేముంది? రాళ్లే గదా. మొక్కుకున్నవ్. తప్పేం జేసినవ్?"

ఆ మాటకు నేను లేచి వచ్చేయొచ్చు. ఆయన క్షమించేశాడు. చేతులు పట్టుకుని "నీ రుణం తీర్చుకోలేను అన్నా" అని బస్సెక్కితే అయిపోయేది. తలుపు వైపు చూశాను కూడా.

"అన్నా, నాకు పదింబావుకే తెలుసు" అన్నాను.

"ఏంది?"

"ఏడో మలుపుల రాళ్లు లెవ్వని సారు ఫోన్ జేసిండు. అప్పుడే తెలుసు నువ్వు ఎటు వోయినవో. పన్నెండింటిదాక చెప్పలే. పోలీసులని భయపడి కూసున్న. చెప్పినంక ముప్పావు గంటల దొరికినవ్."

వెంకటన్న నా ముఖంలోకి చూశాడు. పెదాల మీద నవ్వు ఇంకా ఉంది, దాన్ని తీసెయ్యడం మరిచిపోయినట్టు. వేళ్లు దుప్పటి మీద కదిలాయి. లెక్కేస్తున్నాడని నాకు తర్వాత అర్థమైంది.

"పదకొండుదాక నా కాడ నీళ్లుండె" అన్నాడు.

అంతే. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చాలాసేపు కూర్చున్నాను. నర్సు వచ్చి టైమైందని చెప్పింది. ఆయన ఇటు తిరగలేదు.

జూలై 17, గురువారం

సంతకాలకు ముందే భీమేశ్వరరావు గారికి చెప్పాను. పొద్దున ఆరింటికి, పికప్ దగ్గర. ఈ పుస్తకం తెరిచి తొమ్మిదో తారీఖు పేజీ ఇచ్చాను, నోటితో చెబితే మళ్లీ తగ్గించి చెబుతానని భయమేసి. ఆయన చదివి, పుస్తకం మూసి, కొంతసేపు నా వైపు చూడలేదు. ఎప్పుడూ ఏదో ఒక వెటకారం ఆడే మనిషి.

"పద. నేను కూడా వత్తాను" అన్నారు.

ఇంజనీరు ఆఫీసులో నిలబడి చెప్పాను. రాళ్లు తీసింది నేను. పెట్టింది నేను. కాలు బెణకలేదు. పదింబావుకు తెలుసు, పన్నెండుకు చెప్పాను. ఆయన అరుస్తాడనుకున్నాను. రాళ్ల గురించి ఒక్క మాట అడగలేదు.

"ఎన్ని గంటలకు తెలిసింది?" అన్నాడు. మళ్లీ చెప్పాను. రాసుకున్నాడు. "ఎన్ని గంటలకు చెప్పావు?" చెప్పాను. అదీ రాసుకున్నాడు. రెండు అంకెలనూ చూస్తూ ఉండిపోయాడు.

వెంకటి తప్పు లేదని కొత్త రిపోర్టు రాశారు. భీమేశ్వరరావు గారు రెండుసార్లు చదివించుకుని మరీ సంతకం పెట్టారు. నా సంగతి కంపెనీ నిర్ణయిస్తుంది. అప్పటిదాకా డ్యూటీ చెయ్యమన్నారు. పోలీసులు రాలేదు. నేను అంతగా భయపడిన పోలీసులు అసలు రానే లేదు.

బయటికి వచ్చాక భీమేశ్వరరావు గారు అన్నారు, "లారీ రాళ్లు వచ్చేయి. ఏడో మలుపులో నువ్వే పెట్టు. ఒక్కడివే ఎల్లు."

వెళ్లాను. పొద దగ్గర మైసమ్మకు దండం పెట్టి రాళ్లు తీశాను. పసుపు కడిగాను. అమ్మా, తప్పు నీది కాదు అన్నాను. పాత రాళ్లే తెచ్చి ఏడో మలుపులో పెట్టాను. కొత్తగా వచ్చిన లారీవి వాడలేదు. ఆ చోటు వీటిదే.

నడుస్తున్నంతసేపూ భయమేసింది. దిబ్బల భయం కాదు. అది ఎప్పుడో పోయినట్టుంది.

జూలై 18

స్వర్ణకు చెప్పాను. "నేనే గద వెట్టుమన్న" అని ఏడ్చింది. రాళ్లు పెట్టమన్నావు కానీ నోరు మూసుకోమని ఎవరూ అనలేదు కదా అన్నాను.

జూలై 21

ఆసుపత్రికి పోయాను. నిద్రపోతున్నాడని చెప్పారు. కిటికీలోంచి చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి.

జూలై 24, గురువారం

సాయంత్రం ఫోన్ మోగింది. వెంకటన్న నంబరు. ఊరికి పోతూ విమానాశ్రయం నుంచి. వెనకాల అరబ్బీలో ఏదో చెబుతున్నారు. ఏం తిడతాడో, ఏం శపిస్తాడో అనుకున్నాను. తిడితే బాగుండును అనుకున్నాను.

"రాళ్లు వెట్టినవా?"

"వెట్టిన అన్నా."

"మన్ను దీసినవా?"

"తీసిన. మూడేళ్ల లోతు."

దగ్గాడు. ఆ దగ్గు విని ఎన్నాళ్లైందో.

"ఊపి సూసినవా?"

"సూడలే."

"సూడు" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

జూలై 26, శనివారం

పొద్దున ఐదున్నరకు ఒంటరిగా రౌండుకు వెళ్లాను. ఏడో మలుపు దగ్గర కూర్చుని ఊపి చూశాను. పెద్దది కదల్లేదు. నడిమిది కదల్లేదు. చిన్నది కొంచెం ఊగింది. తీసి, ఇంకా లోతుగా తవ్వి మళ్లీ పెట్టాను.